పెరట్లో ఇరవై కోళ్లు: శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో కోడి లేని ఇల్లు అరుదు. అయినా పది పిల్లలను లేపిన పెట్ట వెనుక మూడు నెలలు తిరిగేసరికి మూడో నాలుగో మిగలడం, ఆ మిగిలినవాటిలోనూ ఒకటి పిల్లికి, ఒకటి తెగులుకు పోవడం చాలా ఇళ్లలో మామూలుగా జరిగేదే. అందుచేత పెరటి కోళ్ల మీద నాలుగు డబ్బులు కళ్లజూడాలనుకునేవారు ఏ జాతి కోడిని తేవాలన్న ప్రశ్న కన్నా ముందు, పుట్టిన పిల్లల్లో ఎన్నింటిని మొదటి ఆరు వారాలు దాటించగలమన్న ప్రశ్న వేసుకోవాలి. ఖర్చు పెట్టడానికి వెనుకాడకూడని చోట్లు రెండున్నాయి: రాత్రి గూడు ఒకటి, టీకా మరొకటి. మిగిలినవాటిలో చాలా భాగం పెరడు, పొలం, వంటిల్లు సమకూర్చిపెడతాయి.

పెరటికి సరిపడే సంఖ్య

పెరటి కోడి తిండిలో ఎక్కువ భాగం అది స్వయంగా ఏరుకుని తినేదే: పురుగులు, గడ్డి గింజలు, లేత ఆకు, కల్లంలో రాలిన ధాన్యం, గిన్నెలు కడిగిన చోట పడిన మెతుకులు. ఈ తిండికి ఒక హద్దు ఉంటుంది. నాలుగు చెట్లు, ఒక పెంటకుప్ప, పక్కన కొంత ఖాళీ స్థలం ఉన్న ఇంటికి పది నుంచి ఇరవై పెద్ద కోళ్లు సరిపోతాయి. పదిహేను కోళ్లు చక్కగా పెరిగిన చోటనే యాభై తెచ్చి వదిలితే అన్నీ బక్కచిక్కుతాయి, గుడ్లు తగ్గుతాయి, నేల పురుగుల గుడ్లతో, కోళ్ల రెట్టతో చెడిపోతుంది.

సంఖ్య సరిపోయిందో లేదో తెలుసుకునే ఉపాయం ఒకటి ఉంది. సాయంత్రం మేత వేయడానికి ముందు, గూటికి చేరుతున్న కోళ్లలో నాలుగింటిని పట్టుకుని మెడ కింద, రొమ్ముకు కొంచెం పైన ఉండే మేత తిత్తిని వేళ్లతో తడిమి చూడాలి. అది నిండుగా, గింజలు చేతికి తగిలేట్టు ఉంటే పెరడు వాటిని పోషిస్తున్నట్టే; ఖాళీగా జారిపోతూ ఉంటే కోళ్లయినా తగ్గించాలి, చేతి మేతయినా పెంచాలి. నూర్పిళ్ల రోజుల్లో నిండే తిత్తి ఏప్రిల్, మే నెలల్లో ఖాళీగా ఉంటుంది కనుక ఈ పరీక్షను ఏడాదికి ఒకసారి చేసి ఊరుకోకూడదు.

గుడ్లను పొదిగించాలనుకుంటే ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. తినడానికో అమ్మడానికో గుడ్లు కావాలంటే పుంజు అక్కర్లేదు. పెట్ట పుంజు లేకుండానే గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు ఎక్కువ రోజులు నిలవ కూడా ఉంటుంది.

ఏ కోడి

నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లకు మించి పెట్టదు గానీ, పొదుగుతుంది, పిల్లలను కాచుకుంటుంది, గద్ద నీడ కనబడగానే హెచ్చరిస్తుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు పెరటి కోసమే తయారైనవి. వనరాజా గుడ్డుకూ మాంసానికీ పనికివస్తుంది. పెరట్లో ఏడాదికి నూరు నుంచి నూట పది గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోడి, 160 నుంచి 180 గుడ్ల వరకు ఇస్తుంది, పెంకు గోధుమ రంగులో ఉండడం వల్ల నాటు గుడ్డు ధరకే పోతుంది.

ఈ రకాలతో రెండు చిక్కులున్నాయి, అమ్మేవారు వీటిని చెప్పరు. మొదటిది, వీటికి పొదిగే గుణం దాదాపు ఉండదు. రెండవది, ఇవి సంకరాలు కావడం వల్ల వీటి గుడ్లనే పొదిగించి పిల్లలను తీస్తే తర్వాతి తరంలో తల్లి గుణాలు నిలవవు, ఆ పిల్లలు అంత ఎదగవు, అన్ని గుడ్లూ పెట్టవు. కనుక వీటిని ప్రతిసారీ పిల్లలుగా కొనుక్కోవలసిందే. ఒంటి బరువు వల్ల కుక్కకూ ముంగిసకూ కూడా సులభంగా దొరికిపోతాయి. పదిహేను కోళ్ల పెరడుకు ఐదారు నాటు పెట్టలు, మిగిలినవి గ్రామప్రియ అన్న కలయిక మంచిదని నా అభిప్రాయం. పొదుగుడు పని నాటువాటిది, గుడ్ల పని రెండవవాటిది.

అసిల్ పుంజుల సంగతి వేరు. డేగ, కాకి, నెమలి అంటూ రంగును బట్టి వేలకు వేలు పలికే ఆ పక్షుల వెనుక ఉన్నది పందెం, పందెం చట్టరీత్యా నేరం. మాంసానికీ, పౌరుషం గల పిల్లలకూ ఒక అసిల్ పుంజును నాటు పెట్టల మధ్య వదలడంలో మాత్రం తప్పేమీ లేదు.

పెద్ద కోళ్లను సంతలో కొనకపోవడమే మేలు. మానాపురం, అలమండ, నారాయణవలస వంటి సంతలకు పది ఊళ్ల జీవాలు చేరుతాయి, వాటితోపాటు పది ఊళ్ల తెగుళ్లూ చేరుతాయి. తప్పనిసరై కొంటే కనీసం రెండు వారాలు, వీలైతే మూడు వారాలు, ఇంటి కోళ్లకు దూరంగా వేరే గంప కింద ఉంచి, వాటికి మేత వేసిన చేతులు కడుక్కున్న తర్వాతే మిగిలినవాటి దగ్గరకు వెళ్లాలి.

రాత్రి గూడు

పగలంతా తిరిగే కోడికి ఇల్లు అవసరమయ్యేది రాత్రికే. ఒక్కో పెద్ద కోడికి ఒక చదరపు అడుగు చొప్పున లెక్క వేసుకుంటే, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల గూడు ఇరవై కోళ్లకు సుఖంగా సరిపోతుంది. తీరం వైపు ఊళ్లలో సరుగుడు కర్రలు, మన్యం వైపు వెదురు చవకగా దొరుకుతాయి, రెండూ పనికివస్తాయి. గూటి అడుగు నేలకు రెండడుగుల ఎత్తున ఉండాలి. అడుగున వెదురు బద్దలను వేలెడు సందుతో పరిస్తే రెట్ట కిందికి రాలిపోతుంది, రోజూ ఊడ్చే పని తప్పుతుంది, ఆ ఎరువు ములగ చెట్టుకూ అరటికీ పోతుంది. గూటి పొడుగు వైపు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపలికి కొట్టదు.

పక్కలకు వల కొట్టేటప్పుడు చాలామంది అంగుళం కన్ను గల కోళ్ల వల తెస్తారు. దానిలో నుంచి చిన్న పాము, ఎలుక సులభంగా దూరతాయి. కింది అడుగున్నర మేరకైనా అరంగుళం కన్ను గల గట్టి వల వేయాలి. తలుపుకు గొళ్లెం బయటి నుంచి బిగుతుగా పడాలి. బావురుపిల్లి వదులు తలుపును గోటితో లాగి తెరుస్తుంది. లోపల రెండంగుళాల మందం గల గుండ్రటి కర్రలను ఒక్కో కోడికి ఎనిమిది అంగుళాల చొప్పున అడ్డంగా కడితే కోళ్లు వాటి మీద కూర్చుని నిద్రపోతాయి. ఐదు పెట్టలకు ఒకటి చొప్పున, అడుగు పొడవు, అడుగు వెడల్పు గల గంపలో గడ్డి వేసి నీడ పట్టున పెడితే గుడ్లు అందులోనే పెడతాయి, గడ్డివాముల్లో వెతుక్కునే బాధ ఉండదు.

కప్పుకు తాటాకు చల్లగా ఉంటుంది, రేకు ఎక్కువ కాలం మన్నుతుంది. ఏది వేసినా తుపాను సంగతి మరువకూడదు. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న ఈ తీరాన్ని కొట్టాయి. కనుక సెప్టెంబరు నెలాఖరుకల్లా కప్పును నాలుగు మూలలా తాడుతో నేలలోకి పాతిన మేకులకు కట్టాలి; గూటిని కొబ్బరి చెట్టు కింద ఎన్నడూ పెట్టకూడదు. హెచ్చరిక వచ్చిన రోజున కోళ్లను గంపలకెత్తి ఇంటి వసారాలోకి తెచ్చుకోవడమే ఉత్తమం.

పొదిగించడం

నాటు పెట్ట కుదురుగా పొదుగుకు కూర్చున్నదని తెలిశాక గుడ్లు పెట్టాలి. ముట్టుకోబోతే ఈకలు నిక్కబొడుచుకుని, కొక్కొక్కమంటూ, గంప వదలకుండా ఉన్న పెట్టే పొదుగుకు సిద్ధమైన పెట్ట. దాని ఒళ్లు కప్పగలిగినన్ని, అంటే పది, పన్నెండు గుడ్లు మాత్రమే పెట్టాలి. పదిహేను పెడితే అంచున ఉన్నవి చల్లబడతాయి, అవి లోపలికి, లోపలివి అంచుకు మారుతూ చివరకు అన్నీ చెడతాయి. గుడ్ల వయసు వారం మించకూడదు. పొదిగించే గుడ్లను కడగరాదు, వెడల్పు కొన పైకి ఉండేట్టు ఇసుక పోసిన చట్టిలో నిలబెట్టి చల్లని మూల ఉంచాలి.

గంపలో పేలు, గోమార్లు చేరితే పెట్ట రెండో వారంలోనే లేచిపోతుంది. కాబట్టి అడుగున బూడిద చల్లి, వేపాకు పరిచి, దాని మీద గడ్డి వేయాలి. ఉరుములకు గుడ్లు మురగకుండా ఇనుప ముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ పెట్టే ఆచారం మన పెద్దవాళ్లకు ఉంది. దానివల్ల నష్టం లేదు, కానీ మురగడానికి కారణం సాధారణంగా ఉరుము కాదు, పాత గుడ్డో, పుంజు దాటని గుడ్డో, ఏప్రిల్ ఎండో అయి ఉంటుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు పొదిగిస్తే గుడ్లు బాగా లేస్తాయి.

ఏడో రోజు రాత్రి చీకటి గదిలో గుడ్డు వెడల్పు కొనకు టార్చి ఆనించి చూడాలి. లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా పరుచుకుని, మధ్యలో ఒక చుక్క కదులుతూ ఉంటే పిల్ల పెరుగుతున్నది. వెలుతురు అడ్డం లేకుండా పసుపుగా దిగిపోతే అది గొడ్డు గుడ్డు, తీసేయాలి. మూడు పెట్టలను ఒకే రోజు పొదుగుకు కూర్చోబెడితే గొడ్డు గుడ్లు తీసేశాక మిగిలినవాటిని రెండింటి కిందకు సర్ది, మూడోదానిని లేపేయవచ్చు. పెట్ట గంప పక్కనే నీళ్లు, గుప్పెడు గింజలు ఉంచితే దూరం పోకుండా తిని వచ్చి కూర్చుంటుంది. ఇరవై ఒకటో రోజుకు పిల్లలు లేస్తాయి.

లేచిన పిల్లలను మొదటి మూడు వారాలు తల్లితో సహా గంప కిందో, వల కట్టిన చిన్న ఆవరణలోనో ఉంచితే గద్ద, కాకి, పిల్లి బెడద చాలా వరకు తీరుతుంది. పిల్లలు మాత్రమే దూరగల సందులున్న మరో వెదురు గంపను బోర్లించి, దాని కింద పిల్లల మేత పెడితే తల్లి దానిని తినేయలేదు. మూడు వారాలయ్యాక తల్లిని వేరు చేస్తే అది త్వరగా మళ్లీ గుడ్లకు వస్తుంది.

కొన్న పిల్లలకు వేడి

గ్రామప్రియ, వనరాజా పిల్లలకు తల్లి ఉండదు కనుక ఆ వేడిని మనమే ఇవ్వాలి. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, తర్వాత వారానికి ఐదు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. పాతిక పిల్లలకు మూడు, నాలుగు అడుగుల వెడల్పు గల గుండ్రటి ఆవరణను అట్టతోనో రేకుతోనో అడుగున్నర ఎత్తున కట్టి, అడుగున రెండంగుళాల మందాన ఊక పోసి, మొదటి మూడు రోజులు దాని మీద కాగితం పరచాలి. లేకపోతే పిల్లలు ఊకనే మేత అనుకుని తింటాయి. మధ్యలో 60 వాట్ల బల్బు వేలాడదీయాలి. ఇక్కడ ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, అది వెలుతురే గానీ వేడి ఇవ్వదు. పాతకాలపు ఫిలమెంటు బల్బునే వెతికి తెచ్చుకోవాలి. కరెంటు పోయిన రాత్రికి ఆవరణ పైన గోనె కప్పి, వేడి నీళ్లు నింపి మూత బిగించి గుడ్డ చుట్టిన సీసాలను పిల్లల మధ్య పెట్టవచ్చు. మూసిన గదిలో కుంపటి పెడితే పొగకు పిల్లలు చనిపోతాయి.

వేడి చాలిందో లేదో థర్మామీటరు లేకుండానే పిల్లలు చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తుంటే చలి. అంచులకు పోయి నోళ్లు తెరుచుకుని రొప్పుతుంటే వేడి ఎక్కువ. ఒక పక్కకే చేరితే ఎదుటి వైపు నుంచి ఈదురుగాలి తగులుతున్నది. ఆవరణ అంతా పరుచుకుని తింటూ, పడుకుంటూ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. రాత్రి ప్రతి రెండు గంటలకూ ఒకసారి లేచి చూడడం మొదటి వారంలో తప్పదు.

పిల్లలు వచ్చిన వెంటనే కాచి చల్లార్చిన నీళ్లలో కొద్దిగా బెల్లం కలిపి, ఒక్కొక్క పిల్ల ముక్కును నీటికి తాకించి వదలాలి. రెండు మూడు గంటల తర్వాత సన్నటి మొక్కజొన్న రవ్వో, చోళ్ల (రాగుల) నూకో చల్లాలి.

మేత

ఆరు వారాల వయసు దాకా పిల్లలకు చేతి మేతే ప్రధానం. ఒక్కో వనరాజా పిల్ల ఈ ఆరు వారాల్లో సుమారు ఒకటిన్నర కిలోల మేత తింటుంది, కనుక ఇరవై పిల్లలకు ముప్ఫై కిలోలు ముందే లెక్కలో పెట్టుకోవాలి. దుకాణంలో దొరికే పిల్లల దాణా వాడవచ్చు. ఇంట్లో కలుపుకోదలిస్తే పది కిలోలకు నూకలు, చోళ్లు, మొక్కజొన్న రవ్వ కలిపి నాలుగున్నర కిలోలు, తవుడు 1.7 కిలోలు, వేరుశనగ చెక్క 2.8 కిలోలు, ఎండు చేపల పొడి 800 గ్రాములు, ఖనిజ లవణ మిశ్రమం 200 గ్రాములు వేసుకోవాలి.

ఇందులో రెండు జాగ్రత్తలు ప్రాణాల మీదికి వచ్చేవి. చేపల పొడి ఉప్పు వేయకుండా ఎండబెట్టిన చేపలదై ఉండాలి; మనం కూరకు కొనుక్కునే ఉప్పు చేప పొడి ఎక్కువైతే పిల్లలు దాహంతో విలవిలలాడి చనిపోతాయి. వేరుశనగ చెక్క తాజాదై ఉండాలి. వానాకాలంలో బూజు పట్టిన చెక్కలో ఉండే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండబెట్టినంత మాత్రాన ఆ విషం పోదు, కనుక అలాంటి చెక్కను గోతిలో కప్పెట్టేయాలి తప్ప పశువులకు కూడా పెట్టకూడదు.

పెద్ద కోళ్లకు సాయంత్రం పూట ఒక్కోదానికి ముప్ఫై, నలభై గ్రాముల నూకలో, గంటెలో (సజ్జలో), తవుడు కలిపిన మేతో చాలు. ఉదయం వేస్తే అవి వాకిలి వదిలి వెళ్లవు. సాయంత్రం వేస్తే తిరిగి తిరిగి ఆశతో ఇంటికే వస్తాయి. గుడ్లు పెట్టే పెట్టలకు నత్తగుల్లలనో సముద్రపు గుల్లలనో దంచి ఒక చిప్పలో విడిగా ఉంచాలి, కావలసినంత అవే తింటాయి. వనరాజా పెట్టకు మేత ఎక్కువైతే కొవ్వు పట్టి గుడ్లు తగ్గుతాయి. దాని బరువును రెండున్నర కిలోలు దాటనివ్వకూడదు.

పిల్లలకు చెదలను మించిన మేత లేదు. పాత కుండలో గోగు పుల్లలు, చినిగిన గోనె ముక్క, ఎండు పేడ వేసి, నీళ్లు చిలకరించి, చెద ఉన్న నేల మీద సాయంత్రం బోర్లించి ఉంచితే తెల్లవారేసరికి లోపలంతా చెద పడుతుంది. కుండ తెచ్చి పిల్లల మధ్య దులపడమే తరువాయి. చెదల మందు చల్లిన చోట మాత్రం ఈ పని చేయకూడదు.

టీకాలు

మన పల్లెల్లో కోళ్లను ఊడ్చిపెట్టేది కొక్కెర తెగులు, దానినే రాణిఖేత్ అంటారు. చలి తగ్గి ఎండలు ముదిరే రోజుల్లో ఒక ఇంట మొదలై వారం తిరిగేసరికి వీధంతా పాకుతుంది. మందు లేదు, టీకా ఒక్కటే దారి. ఐదు నుంచి ఏడు రోజుల వయసులో కొక్కెర తెగులుకు లసోటా అనే టీకా చుక్క, రెండు వారాలకు పిల్లలకు వచ్చే గంబోరో అనే మరో తెగులుకు చుక్క, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరేడు వారాలకు మశూచి టీకా, ఎనిమిది వారాలు నిండాక రెక్క కింద చర్మంలోకి అర మిల్లీలీటరు ఆర్‌టూబీ టీకా (ఇదీ కొక్కెర తెగులుకే) వేయాలి. ఎనిమిది వారాల లోపు పిల్లలకు ఆర్‌టూబీ వేస్తే కాళ్లు పడిపోవచ్చు. మారెక్స్ అనే మరో తెగులుకు టీకా మొదటి రోజే హేచరీలో వేస్తారు, కొనేటప్పుడు అడిగి నిర్ధారించుకోవాలి.

చుక్క వేసేటప్పుడు పిల్లను అరచేతిలో పక్కకు తిప్పి పట్టుకుని, ఒక కంటిలో ఒక చుక్క వేసి, అది రెప్పలార్చి చుక్క లోపలికి ఇంకేదాకా వదలకూడదు. తొందరపడి వదిలితే తల విదిలిస్తుంది, టీకా నేల పాలవుతుంది. టీకా మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల సెల్సియస్ చలిలో ఉండాలి, దుకాణం నుంచి ఇంటికి మంచు వేసిన ఫ్లాస్కులో రావాలి, ద్రావణం కలిపిన తర్వాత రెండు గంటల్లో అయిపోవాలి. జేబులో వేసుకుని బస్సులో తెచ్చిన టీకా వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే.

ఇక్కడే అసలు ఇబ్బంది వస్తుంది. ఒక సీసాలో వంద పక్షులకో అంతకు మించో సరిపడే మందు ఉంటుంది, ఇంట్లో ఉన్నవి ఇరవై. అందుకే చాలామంది టీకా మానేస్తారు. వీధిలో ఐదారు ఇళ్లవారు మాట్లాడుకుని ఒకే రోజు ఉదయం, కోళ్లను గూటి నుంచి వదలకముందే వేయించుకుంటే ఖర్చు తగ్గుతుంది, వీధంతటికీ రక్షణ ఉంటుంది. పొదుపు సంఘం ఉన్న చోట ఇది మరీ తేలిక. రైతు సేవా కేంద్రంలోని పశు సంవర్ధక సహాయకులను ముందుగా అడిగి రోజు ఖాయం చేసుకోవాలి. ఎనిమిదో వారం నుంచి రెండు మూడు నెలలకు ఒకసారి నట్టల మందు తాగించాలి; టీకాకు వారం ముందు తాగిస్తే టీకా బాగా పడుతుంది.

తెగులు వచ్చినప్పుడు

ఆకుపచ్చ, తెల్ల రెట్ట, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ మెలితిరగడం కొక్కెర తెగులు గుర్తులు. రెట్టలో రక్తం పడితే రక్తపారుడు, ఇది తడి ఊక వల్ల పిల్లలకు వస్తుంది, దీనికి మందు ఉంది, ఆలస్యం చేయకూడదు. జబ్బు కోడిని వెంటనే వేరు చేయాలి. చనిపోయినదానిని చెరువులోనో గట్టు మీదో పారేయకుండా మూడడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. తెగులు కనబడగానే మిగిలినవాటిని హడావిడిగా సంతకు తోలి అమ్మేయడం మన దగ్గర ఉన్న చెడ్డ అలవాటు, పక్క ఊళ్లకు తెగులు పాకేది ఆ దారిలోనే. ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే చేతితో ముట్టుకోకుండా పశువైద్యుడికి చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చిన బర్డ్ ఫ్లూ తర్వాత ఈ విషయంలో తాత్సారం పనికిరాదు. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. సలహాకు గరివిడి పశువైద్య కళాశాల, ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి.

బాతులు, మేకలు

చెరువు పక్క ఇల్లైతే ఐదారు బాతులు నత్తలు తిని పెరుగుతాయి. ఖాకీ క్యాంప్‌బెల్ బాతు పొదగదు. దాని గుడ్లను నాటు కోడి కింద ఇరవై ఎనిమిది రోజులు పెట్టి పిల్లలు తీయవచ్చు. బాతులు నేలను తడి చేస్తాయి కనుక కోళ్ల గూట్లో కలపకూడదు. తేలినీలాపురం, తేలుకుంచి పరిసరాల్లో విదేశీ పక్షులు వాలే కాలంలో బాతులను ఆ చెరువులకు వదలకుండా ఇంటి దగ్గరే ఉంచడం మంచిది.

మేకలు రెండు మూడింటితో మొదలుపెట్టాలి. ఒక్కోదానికి పది, పన్నెండు చదరపు అడుగుల పొడి నేల, వానకు తడవని కప్పు, పనస, అవిశ, సుబాబుల్ ఆకు ఉంటే చాలు. చూడి ఐదు నెలలు. పుట్టిన పిల్లకు గంటలోపు ముర్రుపాలు పట్టించాలి. తొలకరికి ముందు చిటుక రోగం టీకా, పిల్లలకు నాలుగో నెలలో పీపీఆర్ (పారుడు రోగం) టీకా వేయించాలి. వానలకు ముందూ తర్వాతా నట్టల మందు పట్టాలి. మోకాలెత్తు కూడా లేని లేత జొన్నలోకి మేకను వదిలితే విషం ఎక్కి నిమిషాల్లో పడిపోతుంది.

అమ్మకం

సంక్రాంతికి, కనుమకు పుంజులకు గిరాకీ ఎక్కువ. ఆ అమ్మకం కోసం వనరాజా పిల్లలను ఆగస్టు నెలాఖరులో తెచ్చుకుంటే జనవరి రెండో వారానికి బరువు పట్టి ఉంటాయి. గ్రామదేవత పండుగలకు రంగును బట్టి కోడిని అడుగుతారు కనుక ఎర్ర, నల్ల పుంజులను కొన్ని విడిగా ఉంచుకోవచ్చు. కోడిని జతగా, చూపు మీద అమ్మకుండా తూకం వేసి అమ్మాలి. చూపు మీద బేరమాడే వ్యాపారి కళ్లు ఎప్పుడూ మనకన్నా అనుభవం గలవే.

పెట్టలను అమ్మేముందు ఏది గుడ్లు పెడుతున్నదో చూసుకోవాలి. పెట్టను చంకన పెట్టుకుని, తోక కింద ఉండే రెండు సన్నటి ఎముకల మధ్య వేళ్లు ఆనిస్తే, పెడుతున్న పెట్టకు రెండు మూడు వేళ్ల సందు ఉంటుంది, మానేసినదానికి ఒక వేలు కూడా కష్టంగా పడుతుంది. పెట్టేదాని జుట్టు ఎర్రగా, మెత్తగా ఉంటుంది. రెండేళ్లు దాటి, ఈ పరీక్షలో ఒక వేలి సందుకు వచ్చిన పెట్టలను అమ్మేసి, పిల్లలను బాగా సాకే నాటు పెట్టలను మాత్రం గుడ్లు తగ్గినా మరో ఏడాది ఉంచుకోవాలి.